మిరజ్‌లో తంబూరా బేరం

తిరుపతి నుంచి కొల్హాపూర్ వెళ్ళే హరిప్రియ ఎక్స్‌ప్రెస్‌లో వెంకన్నను చూసుకుని మహాలక్ష్మి దగ్గరికి పోయే యాత్రికులు చాలామంది ఉంటారు. గుంతకల్లులో మేం ఎక్కేసరికి ఇంకా తెల్లవారలేదు. మా వదిన చేతుల్లో పాత దుప్పట్లో చుట్టిన తంబూరా. కిటికీ పక్కన కునికిపాట్లు పడుతున్న ఒక మరాఠీ పెద్దాయన కళ్ళు తెరిచి, మూటలోంచి తెలుస్తున్న ఆ పొడుగునీ ఆ బుర్రనీ చూసి, "మిరజ్‌కా?" అని హిందీలో అడిగాడు. అవునన్నాం. పై బెర్తు మీది తన సంచులు కిందికి దింపి దానికి చోటిచ్చాడు.

వదిన అనంతపురంలో ఇంటి దగ్గరే పిల్లలకు సంగీతం చెబుతుంది. ఆ తంబూరా వాళ్ళ టీచరమ్మది. ఆవిడ పోయాక శిష్యురాలి చేతికొచ్చింది. నాలుగు ఎండాకాలాలు గడిచేసరికి బుర్ర నిలువునా నెర్రె ఇచ్చింది. దానికి లక్క పెట్టి చూశారు, జిగురు పట్టించి చూశారు. శ్రుతి చేస్తే గంటసేపు నిలవడం లేదు. ఇక కొత్తది కొనక తప్పదనుకున్నాం. పాతది ఎక్స్‌ఛేంజికి ఇస్తే ఎంతో కొంత తగ్గిస్తారేమోనని నేనే మోసుకొద్దామన్నాను. "మిక్సీ అనుకున్నావా?" అని వదిన నవ్వింది కానీ వద్దనలేదు.

అంత దూరం ఎందుకు, ఊళ్ళోనే కొనొచ్చుగా అని బయల్దేరే ముందు అందరూ అడిగారు. మేం తిరిగిన వాద్యాల దుకాణాల్లో తంబూరా లేదు. గోడ నిండా గిటార్లు, అట్టపెట్టెల్లో కీబోర్డులు, మూలన తబలాలు, గాజు బీరువాలో తాళాలు, చిడతలు. బడులు తెరిచాక బ్యాండు సామాను, వినాయక చవితికి డ్రమ్ములు, ధనుర్మాసం ముందు భజన మందిరాలకు హార్మోనియాలు. ఇలా ఏడాది పొడుగునా ఒక్కో కాలానికి ఒక్కో బేరం. తంబూరా ఏ కాలానికీ చెందదు. ఒక దుకాణం యజమాని లెక్క విడమరిచి చెప్పాడు. "అది మూడు గిటార్లు పట్టే చోటు తింటుంది సార్. ఎప్పుడు పోతుందో తెలీదు. ఈలోపల మన ఎండకు బుర్ర పగిలిందంటే పెట్టుబడంతా గోవిందా. పెట్టె తంబూరాలైతే ఇదే అరలో పది సర్దుతా."

పెట్టె తంబూరా అంటే ఎలక్ట్రానిక్‌ది. స్వయంగా వేణువు వాయించే ఇంజినీరు రాజ్ నారాయణ్ 1979లో బెంగళూరులో దాన్ని తయారుచేశారు. ఆయన రాడెల్ కంపెనీ పెట్టెలు ఇప్పుడు కచేరీ వేదికల మీద సర్వసాధారణం. ఈమధ్య ఆ పెట్టె కూడా అక్కర్లేదు, ఫోన్‌లో యాప్ చాలు. అదే దుకాణదారు మరో మాట కూడా అన్నాడు. గిటారు అమ్మితే లాభం ఒక్కసారే. అదీ ఆన్‌లైన్ ధర ఫోన్‌లో చూపించి బేరమాడితే మిగిలేది అంతంతమాత్రం. తెగిన తీగలు, అరిగిన తబలా మూతలు, గాలి పోయే హార్మోనియం తిత్తులు, ఇవే తన అద్దె కడుతున్నాయన్నాడు. ఆ మాట మిరజ్ వెళ్ళాక బాగా అర్థమైంది.

బళ్ళారి, హోసపేట దాటి గదగ్ వచ్చేసరికి ఎండెక్కింది. ఇక్కణ్ణుంచి బండి హిందుస్తానీ సంగీతం పండిన నేల మీద పోతుంది. గదగ్ భీమ్‌సేన్ జోషీ పుట్టిన సీమ. అంధులకు సంగీతం నేర్పే వీరేశ్వర పుణ్యాశ్రమం ఉన్నదీ ఆ ఊళ్ళోనే. తర్వాత హుబ్బళ్ళి, గంగూబాయి హంగల్ ఊరు. ఆ తర్వాత ధార్వాడ, మల్లికార్జున మన్సూర్ బతికిన ఊరు. ఆ పెద్దల వెనక మోగిన తంబూరాల్లో మిరజ్‌వి ఎన్నో. బెళగావి దాటి, కుడచి తర్వాత బండి కృష్ణ మీది వంతెన ఎక్కింది. విజయవాడలో చూసే కృష్ణకూ దీనికీ పోలికే లేదు. ఇక్కడ గట్ల నిండా చెరుకు తోటలు, మధ్యలో ఒబ్బిడిగా పారే నీళ్ళు. అయినా 2019 ఆగస్టులో ఈ నదే పొంగి సాంగ్లీని, చుట్టుపక్కల ఊళ్ళని ముంచేసింది.

మధ్యాహ్నం దాటాక మిరజ్‌లో దిగాం. స్టేషన్ బయట ఆటోవాళ్ళు మూగి ఒకటే ప్రశ్న: "ఏ ఆస్పత్రి?" విలియం వాన్‌లెస్ అనే డాక్టరు 1894లో ఇక్కడ మిషన్ ఆస్పత్రి పెట్టిన నాటి నుంచీ ఈ ఊరికి రోగుల రాకపోకలు ఎక్కువ. వదిన దుప్పటి మూట చూపించింది. ఆటో అబ్బాయికి ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది. తిన్నగా సితార్‌మేకర్ల వీధిలో దించాడు.

బోర్డుల మీద ఇంటి పేరు చాలాచోట్ల ఒకటే, సితార్‌మేకర్. ఈ కుటుంబాల పూర్వీకులు శికల్గార్లు, అంటే కత్తులకు సాన పట్టేవాళ్ళు. ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో కత్తులకు గిరాకీ పోయింది. మిరజ్‌ను పాలించిన పట్వర్ధన్ సంస్థానాధీశులకు సంగీతం అంటే ప్రాణం. వాళ్ళ కొలువుకు వచ్చే విద్వాంసుల వాద్యాలు చెడిపోతే బాగుచేయడానికి మంచి చెయ్యి కావాల్సి వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం నడిమికాలంలో ఫరీద్‌సాహెబ్ అనే శికల్గార్ ఆ పనికి పూనుకున్నాడనీ, పాతవి విప్పి బాగుచేస్తూ చేస్తూ కొత్తవి చేయడం నేర్చాడనీ ఇక్కడివాళ్ళు చెబుతారు. ఈ వీధి వ్యాపారానికి మొదలు మరమ్మతే.

మేం మెట్లెక్కిన దుకాణం ముందు గది షోరూం. గాజు తలుపుల వెనక సితార్లు, తంబూరాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. వెనక గది పనిశాల. షోరూంలో ఉన్నది ఐదు నిమిషాలు, మిగతా సాయంత్రమంతా వెనక గదిలోనే. అక్కడ గోడవారగా ఎండు సొరకాయలు గుట్టగా పడున్నాయి. ఒక్కొక్కటి ఒడిలో పట్టనంత. ఇవి పండరీపురం, మంగళవేఢ వైపు భీమానది ప్రాంతంలో పండుతాయి. కూరకు పనికిరాని చేదు జాతి. తీగ మీదే బాగా ముదరనిచ్చి, నెలల తరబడి ఎండబెట్టి, చుట్టుకొలత చూసి ధర కడతారు. మగవాళ్ళ తంబూరాకు పెద్ద కాయ, ఆడవాళ్ళ దానికి కాస్త చిన్నది, సితారుకు ఇంకా చిన్నది. గుండ్రంగా, గోడ మందంగా, మచ్చ లేకుండా దొరికే కాయలు ఏటా తగ్గుతున్నాయని యజమాని వాపోయాడు. రైతుకు చెరుకులో వచ్చేంత దీంట్లో రాదు. అకాల వాన ఒక్కటి పడితే పంటంతా కుళ్ళిపోతుంది.

యజమానికి అరవై దాటి ఉంటాయి. మా హిందీ తడబడుతుంటే ఆయనే కన్నడంలోకి దిగాడు. సరిహద్దు ఊరు కదా, ఇక్కడ చాలామందికి వచ్చు. అనంతపురం వాళ్ళం, మాకూ హాయి అయింది.

"ఏ శ్రుతి తాయీ?" అని వదినను అడిగాడు.

"ఐదున్నర."

"అయితే కాళీ చార్" అని ఆడవాళ్ళ తంబూరాలు పెట్టిన వైపు తిరిగాడు. హార్మోనియం మీద నాలుగో నల్లమెట్టు మన ఐదున్నర శ్రుతికి సరిపోతుంది. కర్ణాటక సంగీతం వాళ్ళు ఎక్కడ కొన్నా ఈ లెక్క తెలిసి ఉంటే మంచిది. దండి పొడుగు, తీగల మందం శ్రుతిని బట్టే ఉంటాయి. తెలియక మగవాళ్ళ తంబూరా కొని పై శ్రుతికి బిగిస్తే తీగలు తెగుతాయి.

ధర ముప్పై వేలకు దగ్గరగా చెప్పాడు. ఇదే అదననుకుని నేను దుప్పటి విప్పి ఎక్స్‌ఛేంజి మాట ఎత్తాను. ఆయన జవాబు చెప్పలేదు. తంబూరాను నేల మీద పడుకోబెట్టి, దండిని వేళ్ళ కణుపులతో పైనుంచి కిందికి తట్టుకుంటూ వచ్చాడు. బిరడాలు ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. దండీ బుర్రా కలిసే అతుకు దగ్గర గోరుతో గీకి, టార్చి వేసి చూశాడు. తర్వాత మెడ మీది లతల చెక్కడం మీద వేలు పెట్టి, "ఇది ఈ వీధి పనే" అన్నాడు.

లోపల అతికించి ఉన్న కాగితం మీద మాత్రం దక్షిణాది నగరం ఒకదాని దుకాణం పేరుంది. వదిన ఆ మాటే అంది. ఆయన నవ్వి ఈ వ్యాపారం నడిచే తీరు చెప్పాడు. వీధిలో అందరూ అన్ని పనులూ చెయ్యరు. ఒక ఇంట్లో బుర్రలు కోసి అతుకుతారు, ఇంకో ఇంట్లో బిరడాలు, మరొకచోట నక్షీ చెక్కడాలు, వేరొకచోట పాలిష్. అన్నీ కూర్చాక కొన్ని ఇక్కడే షోరూంలో అమ్ముడవుతాయి. మిగతావి పెద్ద నగరాల దుకాణాలకు టోకున పోతాయి. అక్కడ వాళ్ళ చీటీ అతికిస్తారు, వాళ్ళ ధర పెడతారు. విదేశాలకు వెళ్ళేవీ ఉన్నాయి. చేసినవాడి పేరు కొన్నవాడికి తెలియదు. చీటీ అతికించిన దుకాణం మూతపడితే, చెడిపోయిన వాద్యం ఎక్కడికి తీసుకుపోవాలో కూడా తెలియదు. వదిన టీచరమ్మ తంబూరాకు జరిగింది అదే.

2024లో మిరజ్ సితారుకూ మిరజ్ తంబూరాకూ వేరువేరుగా భౌగోళిక గుర్తింపు దక్కింది. మన బొబ్బిలి వీణకు ఆ గుర్తింపు అంతకు చాలా ముందే వచ్చింది. దానివల్ల బేరాలు పెరిగాయా అని అడిగితే ఆయన గట్టిగా ఏమీ అనలేదు. పేరు అడిగి వచ్చేవాళ్ళు పెరిగారట, కొనేవాళ్ళ సంగతి ఇంకా చూడాలట. చేత్తో చేసిన దేశవాళీ వాద్యాలకు జీఎస్టీ లేకపోవడం మాత్రం మేలు చేసిందన్నాడు.

మేం మాట్లాడుతుండగానే ధార్వాడ నుంచి ఒక కుర్రాడు తన తంబూరాకు జవారీ చేయించుకోవడానికి వచ్చాడు. మిరజ్ ప్రయాణంలో నేను చూసినవాటన్నిటిలోకీ గొప్పది అదే. తంబూరా బుర్ర మీద తీగలు ఆనే గుర్రం పైభాగం చదునుగా కనిపిస్తుంది కానీ చదును కాదు. కంటికి ఆననంత వంపు ఉంటుంది. మోగుతున్న తీగ ఆ వంపును రాసుకుంటూ పోతేనే తంబూరా నాదం విచ్చుకుంటుంది. వాడగా వాడగా తీగలు అక్కడ గాడి కోస్తాయి, నాదం మూగబోతుంది. ఆ వంపును మళ్ళీ సరిచేయడమే జవారీ. పూర్వం ఈ గుర్రాలకు ఏనుగు దంతం, జింక కొమ్ము వాడేవాళ్ళు. వన్యప్రాణుల చట్టాలు వచ్చాక ఒంటె ఎముకకు, ప్లాస్టిక్ రకాలకు మారారు.

యజమాని కొడుకు ఆ పనికి కూర్చున్నాడు. నాలుగు తీగలూ సడలించి పక్కకు తప్పించాడు. సన్నటి ఆకురాయితో గుర్రం మీద రెండే రెండు గీతలు గీసి, పొడిని నోటితో ఊది, తీగను మళ్ళీ ఎక్కించి బిగించి మీటాడు. తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ సడలించాడు. ఈసారి ఆకురాయి వదిలి గరుకు కాగితం తీసుకున్నాడు. ఎన్నిసార్లు అలా దించి ఎక్కించాడో, ఒక్కసారీ తొందరపడలేదు. చివరికి తీగ కిందికి నూలు పోగు దూర్చి, గోటితో వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరుపుతూ మీటసాగాడు. ఒకచోట పోగు ఆగింది. అప్పటిదాకా టక్‌మని కొట్టుకున్న తీగ జుమ్మని పరుచుకుంది. గదిలో ఉన్నవాళ్ళం మాటలు ఆపేశాం. వదిన గొంతు సవరించుకోకుండానే మెల్లగా షడ్జం పట్టింది. కుర్రాడు తన శ్రుతి వేరైనా నొచ్చుకోకుండా ఆవిడ కోసం బిరడాలు తిప్పబోతే యజమాని వారించాడు. "అప్పుడే అంత బిగించొద్దు, రేపటిదాకా కూర్చోనివ్వు."

ఆ పనికి తీసుకున్న డబ్బు కొన్ని వందలే. ఇంత పనికి ఇంతేనా అన్నాను. "కొత్త తంబూరా ఒకరు జీవితంలో ఒక్కటి కొంటారు సర్. జవారీకి రెండుమూడేళ్ళకోసారి వస్తారు. వచ్చిన ప్రతిసారీ తీగలు కొంటారు, తమ దగ్గర నేర్చుకునేవాళ్ళకు మా పేరు చెబుతారు" అన్నాడు. అనంతపురం దుకాణదారు అద్దె లెక్కా ఇదే. వాద్యాల అంగడికి అమ్మకం ఒకరోజు పండగ, మరమ్మతు రోజూ తినే అన్నం.

మరి పెట్టె తంబూరాలు, యాప్‌లు మీ పొట్ట కొట్టలేదా అంటే, కొట్టాయనే ఒప్పుకున్నాడు. కచేరీలకు రైళ్ళలో, విమానాల్లో తిరిగేవాళ్ళు ఇంత పెద్ద వస్తువు మోయలేరు. వాళ్ళను తప్పుపట్టలేం. ఆయన్ను ఎక్కువ బాధిస్తున్నది వేరే. వీధిలో పిల్లలు ఈ పనికి రావడం లేదు. జవారీ చెవికి పట్టుబడటానికి ఏళ్ళు పడుతుంది, అన్నేళ్ళూ కూలీ అంతంతమాత్రం. చదువుకున్నవాళ్ళు పుణేకు, ముంబైకి పోతున్నారు. ఆన్‌లైన్‌లో వాద్యాలు కొన్నవాళ్ళు కూడా చివరికి ఇక్కడికే వస్తున్నారట. గుర్రం సరిగ్గా కూర్చోకుండా, తీగలు దండికి ఆమడ ఎత్తున పెట్టి పంపితే, ఆ వాద్యం చెడిందనుకుని పిల్లలు సంగీతమే మానేస్తున్నారని ఆయన బాధ.

చీకటి పడుతుండగా మా తంబూరా సంగతి తేల్చాడు. "తాయీ, దీన్ని ఎక్స్‌ఛేంజి తీసుకుంటే నాకే లాభం. కొత్త బుర్ర వేసి పాతదని ఎక్కువకు అమ్ముకుంటా. కానీ ఈ దండి చూడండి. తూన్ చెక్క, ఇన్నేళ్ళు ఆరిన చెక్క. ఇలాంటిది ఇప్పుడు నేను డబ్బు పెట్టినా తేలేను. బుర్ర ఒక్కటీ మారుద్దాం, పైపలకా గుర్రమూ సరిచేద్దాం. కొత్తదాంట్లో మూడో వంతు ఖర్చు." వదిన మరో ఆలోచన చెయ్యలేదు. అడ్వాన్సు ఇచ్చి, తంబూరా అక్కడే వదిలి బయటికొచ్చాం. పదివేల పని కోసం ముప్పై వేల బేరం వదులుకున్న ఆ పెద్దమనిషి మీద నాకు గౌరవం కలిగింది. వదిన మాత్రం, "ఇందులో త్యాగం ఏముందిలే. ఇక నా శిష్యులంతా ఇక్కడికే కదా వచ్చేది" అంది. రెండూ నిజమే.

మర్నాడు బండికి ఇంకా టైముంటే మీరాసాహెబ్ దర్గాకు వెళ్ళాం. హిందుస్తానీ గానంలో కిరానా ఘరానా మూలపురుషుల్లో ఒకరైన అబ్దుల్ కరీంఖాన్ సమాధి ఇక్కడే ఉంది. 1937లో దక్షిణాది పర్యటనలో ఉండగా, మద్రాసు దాటాక సింగపెరుమాళ్ కోయిల్ అనే చిన్న స్టేషన్‌లో ఆయన కన్నుమూశారు. ఏటా ఉరుసుకు ఇక్కడ జరిగే సంగీత సభల్లో పేరున్న గాయకులు ఎందరో వచ్చి పాడతారు. వచ్చేటప్పుడు తమ వాద్యాలూ తెచ్చుకుంటారు, పాట అయ్యాక వీధికి వెళ్ళి బాగుచేయించుకుంటారు. ఊళ్ళో సంగీతం నిలబడటానికి, దుకాణాలు నిలబడటానికి మధ్య ఉన్న లంకె ఇంత సూటిగా నేను ఇంకెక్కడా చూడలేదు.

తంబూరా కొన్ని వారాల తర్వాత చెక్కపెట్టెలో, చుట్టూ గడ్డి కూరి, ట్రాన్స్‌పోర్టులో వచ్చింది. గుర్రం విడిగా గుడ్డలో చుట్టి ఉంది, తీగలు సడలించి ఉన్నాయి. దూరం పంపేటప్పుడు అలాగే పంపాలి, బిగించి పంపితే అతుకు విడుతుంది. గుర్రం ఎక్కడ నిలబెట్టాలో పలక మీద పెన్సిలుతో గీత గీసి పంపాడు. పోగు ఎక్కడ ఆపాలో వీడియో కాల్‌లో చూపించాడు. పంచమం, సారణి, అనుసారణి, మంద్రం, నాలుగూ పలికాయి. ఇప్పుడు శ్రుతి నిలుస్తోంది.

మన దగ్గరా ఇలాంటి చేతులున్నాయి. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో, నూజివీడులో పనసచెక్కతో వీణలు చేసే కుటుంబాలున్నాయి. వాళ్ళ దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యేవి సన్మానాలకు ఇచ్చే బొమ్మ వీణలు. అవి కొనడం తప్పేమీ కాదు. కానీ మీ ఇంట్లో అటక మీద అమ్మమ్మదో అత్తగారిదో వీణ, తంబూరా, హార్మోనియం మూలుగుతుంటే, పాత సామానులోకి వేసే ముందు, హాల్లో అలంకారానికి నిలబెట్టే ముందు, పని తెలిసిన చేతికి ఒక్కసారి చూపించండి. పిల్లలకు కొత్తది కొనేటప్పుడు ధర అడిగే ముందు, చెడితే బాగుచేసేది ఎవరని అడగండి. ఆ మనిషిని చూపించలేని దుకాణంలో ఎంత తక్కువకొచ్చినా కొనకండి.